సంబళం పైకి చెప్పే మనిషి

మొన్న తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు మా మండీలో బస్తాలు మోసిన మనిషి ఎదురుపడ్డాడు. బాగున్నారా అని కూడా అడక్కుండా, "సామీ, ఆయన పోయినాడంట" అన్నాడు.

"ఎవురు?"

"అదే సామీ, సంబళం పైకి సెప్పేటాయన. సత్యవేడాయన."

సంబళమంటే మా వైపు జీతం. పేరు అతనికి తెలియదు. మండీ వీధిలో చాలామందికి తెలియదు. నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. తన గురించి అన్నీ పైకి చెప్పుకున్న మనిషే అయినా, తన పేరు రాయమని నాకైతే చెప్పలేదు.

చావు కబురు వినగానే ఎవరైనా అయ్యో అంటారు. నేను "నీకెవురు సెప్పినారు?" అన్నాను. సత్యవేడు నుంచి వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడట. "వానికెవురు సెప్పినారు?" అన్నాను. అతను నవ్వేశాడు. "మీకింకా ఆ గుణం పోలేదు సామీ" అని తన బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత, బస్సు వెళ్లిన చాలాసేపటికి, అయ్యో అనిపించింది. కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాను.

నిజమే, ఆ గుణం పోలేదు. పుట్టగానే మంత్రసాని ముఖంలోకి అనుమానంగా చూశానని మా అమ్మ అందరికీ చెప్పి నవ్వేది. అయితే పుట్టుకతో వచ్చింది కాస్తే. అది ముదిరింది మాత్రం చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా చేసిన రోజుల్లో. అక్కడ అనుమానం లేకుండా బతికిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆ ఒక్కణ్ణీ మేమందరం కలిసి అనుమానించాం.

డెబ్బైల నాటి మాట. మా మండీలో బేరాలు నోటితో జరిగేవి కావు. సావుకారూ, కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పుకునేవాళ్లు. దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, పిడికిలంతా పడితే ఐదు, ఆ పైన పిడికిలి వదిలి మళ్లీ వేళ్లు. నూర్లా పదులా అన్నది మాత్రం నోటితో అనేవాళ్లు. చుట్టూ ఎంతమంది నిలబడి చూస్తున్నా, ఎంతకు తెగిందో ఆ రెండు చేతులకే తెలుసు. అరవ దేశం నుంచి వచ్చే వ్యాపారులకు కూడా భాషతో పని లేకుండా గడిచిపోయేది.

ఈ పద్ధతి సావుకారుకి ఎంతగా నచ్చిందంటే, మా జీతాలు కూడా అలాగే తేల్చేవాడు. ఉగాది మర్నాడు ఒక్కొక్కరినే గద్దె దగ్గరికి పిలిచేవాడు. మన చెయ్యి తువ్వాలు కింద పెట్టాలి. ఆయన "నూర్లు" అని ఒకసారి వేళ్లు పట్టేవాడు, "పదులు" అని ఇంకోసారి పట్టేవాడు. ఏడాది జీతం తేలిపోయినట్టే. తర్వాత చెయ్యి వదలకుండా గట్టిగా నొక్కి, చెవి దగ్గరికి వంగి, "పెద్ద గుమాస్తాను పక్కన పెడితే నీకే అందరికంటే జాస్తి ఇస్తా ఉండా. పైకి సెప్పినావంటే మిగిలినోళ్లు బాధపడతారు" అనేవాడు.

ఆ మాటకు నా ఒళ్లు పొంగిపోయేది. నాకు నూట ఎనభై. చిట్టా రాసే మునిరత్నం నా ఈడువాడే. పాపం తక్కువ జీతగాడు కదా అని వాడికి తరచూ టీ ఇప్పించేవాణ్ణి. వాడూ నాకు ఇప్పించేవాడు. ఎందుకు ఇప్పిస్తున్నాడా అని అనుమానంగా తాగేవాణ్ణి. నా మీద జాలితోనే ఇప్పించేవాడని చాలా రోజులకు గానీ తెలియలేదు.

అలాంటి చోటికి సత్యవేడాయన మాలాగే గుమాస్తా పనికి వచ్చాడు, సావుకారు బామ్మర్ది సిఫారసు మీద. నలభై దాటిన మనిషి, పొట్టి, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె. సావుకారు అలవాటు ప్రకారం తువ్వాలు పరిచాడు. ఆయన దాన్ని చూశాడు, సావుకారును చూశాడు.

"ఏందిది?"

"సెయ్యి పెట్టప్పా."

"నోటితో సెప్పండి సావుకారూ. నా సేతికి సెవుల్లేవు."

మేము పద్దు పుస్తకాల్లోకి తలలు దించి నవ్వుకున్నాం. బామ్మర్ది మనిషి కాబట్టి సావుకారు కూడా నవ్వినట్టు చేసి, ముందుకు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. సత్యవేడాయన లేచి నిలబడ్డాడు.

"రెండు నూర్ల పదా? సరిదా. రేపటి నుంచి వస్తా."

సరే అనడానికి ఆయన సరిదా అనేవాడు, అరవ పొలిమేర మనిషి గనక. ఆ మాట మండీ మొత్తానికి వినబడింది. వీపు మీద బస్తాతో పోతున్న హమాలీ ఆగిపోయాడు. అప్పటిదాకా ఘనంగా ఉన్న నా నూట ఎనభై ఉన్నట్టుండి చిక్కిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. ఎదురుపడితే అందరూ తిన్నావా అని అడుగుతారు. ఈయన "నాకు సంబళం రెండు నూర్ల పది. నీకెంతప్పా?" అనేవాడు. ముందు తనది చెప్పి, తర్వాతే అవతలివాడిది అడగడం ఆయన పాటించే మర్యాద. మంగలిని అడిగాడు. పోస్టుమాన్ని అడిగితే అతను జీతం, కరువు భత్యం విడివిడిగా, గర్వంగా చెప్పాడు. బస్సు కండక్టర్‌ని టికెట్టు కొట్టనివ్వకుండా అడిగాడు. ఒకసారి కానిస్టేబుల్‌ని కూడా అడిగాడు.

"ఎవురయ్యా నువ్వు, ఏసీబీయా?" అన్నాడు కానిస్టేబుల్.

"కాదు సామీ, బెల్లం మండీ. నాకు రెండు నూర్ల పది."

కానిస్టేబుల్ అటూ ఇటూ చూసి జీతం చెప్పాడు. చెప్పి, "గీతం మాత్రం అడగబాకు" అన్నాడు. సత్యవేడాయన సరిదా అని తలూపి తన దోవన తాను పోయాడు.

అదే నాకు మింగుడు పడేది కాదు. అంకె విన్నాక ఆయన ఏమీ చేసేవాడు కాదు. ఎక్కువైతే ఆశ్చర్యపోడు, తక్కువైతే జాలిపడడు. చుట్టాల ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారని విన్నట్టు తలూపేవాడు. ఊళ్లో జీతాలన్నీ ఇలా పోగేసుకుని ఈ మనిషి ఎక్కడికి తీసుకుపోతాడని నాకు రోజూ ఆలోచన.

పోనీ తనవైనా దాచుకునేవాడా అంటే అదీ లేదు. చొక్కా గుడ్డ గజం ఎంత పడిందో, గదికి బాడుగ ఎంతో, మొలలకు నాటు వైద్యుడు ఎంత పుచ్చుకున్నాడో టీ కొట్టు ముందు నిలబడి చెప్పేవాడు. ఆ చివరి దానికి పక్కన టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు దించేసేవాళ్లు.

మా అందరికంటే ఎక్కువగా ఆయన్ని అనుమానించింది పెద్ద గుమాస్తా. ఈయన సావుకారు వాళ్ల నాయన కాలం నుంచీ ఉన్నవాడు, తక్కెడ దగ్గర ఈయన మాటే మాట. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. వీధిలో నడిచి పోతుంటే హమాలీలు పక్కకు తప్పుకునేవాళ్లు. పెద్ద గుమాస్తాకు నాలుగు నూర్లు జీతమని వీధి మొత్తం నమ్మేది. కొందరు ఐదంటారు. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ నమ్మకం మీదే ఎదురుగా ఉన్న కిరాణా కొట్టువాడు ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. పెళ్లి మాటలకు పెద్దమనిషిగా రమ్మని నలుగురూ పిలిచేవాళ్లు.

ఒకరోజు ఆయన నన్ను తక్కెడ వెనక్కి పిలిచాడు.

"అబ్బోడా, వాని కాడ నోరు జారబాకు."

"ఎందుకన్నా?"

"సావుకారు బామ్మర్ది పంపిన మనిషి. మనం జీతాలు ఒకరికొకరు సెప్పుకుంటామా లేదా అని కనుక్కునేదానికి పెట్టినారు. సెప్పినోన్ని పట్టుకోని బయటికి తోస్తారు."

"మరి తనది సెప్తా ఉండాడే?"

"అది నిజమని నీకెవురు సెప్పినారు?"

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. రెండు నూర్ల పది అబద్ధమైతే నా నూట ఎనభై మళ్లీ తలెత్తుకోవచ్చు. పైగా బయటికి తోస్తారన్న మాట భయం పుట్టించింది. నా భార్య పురిటికని నాయుడుపేటలో పుట్టింటికి వెళ్లి, బిడ్డ నడక నేర్చినా అక్కడే ఉంది. నూట ఎనభైలో చిత్తూరులో బాడుగ ఇల్లు తీసుకుని ముగ్గురం బతకలేం. రెండు నూర్లు దాటితే తెచ్చుకోవచ్చు. ఉన్న కొలువూ పోతే నేనే నాయుడుపేట వెళ్లి మామ ముందు చెయ్యి చాపాలి. ఆయనకు ఇప్పటికే, జీతం బాగానే వస్తున్నా అల్లుడు దాచుకుంటున్నాడని అనుమానం.

ఆ ఏడు సావుకారు మమ్మల్నందరినీ కొండకు తీసుకుపోయాడు. తాను బస్సులో, మేము అలిపిరి నుంచి మెట్ల మీద. సత్యవేడాయనా నేనూ వెనకబడ్డాం. వెనకబడక ఏం చేస్తాం, మూటలు మోసేవాణ్ణీ, సోడాలు అమ్మేవాణ్ణీ, మెట్లు చిమ్మే ఆమెనూ ఆపి తన సంబళం చెప్పి వాళ్లది అడుగుతుంటే. చివరికి నాకు విసుగెత్తింది.

"అందరి సంబళాలు నీకెందుకన్నా?"

"నీకెందుకు వద్దు?"

"ఎవురిది వాళ్లది. మనకేం పని?"

ఆయన మెట్టు మీద కూలబడి పంచె కొంగుతో మెడ తుడుచుకున్నాడు.

"మా యమ్మ సెరుకు కొట్టను కూలికి పోతా ఉండె. సాయంత్రం గట్టు మీద నిలబెట్టి అందరి ఎదురుగా ఇస్తా ఉండ్రి. ఎవురికెంతో అందరికీ తెలుసు. ఒక మనిషికి తగ్గించినారంటే మిగిలినోళ్లు సేతులు సాపకుండా గమ్మున నిలబడుకుంటా ఉండ్రి. నువ్వు డిగ్రీ సదివినావు. పక్కనోనికెంతో నీకు తెలీదు. ఉగాదికి పోయి ఎంతడగతావు? దేన్ని సూసి అడగతావు?"

 జవాబుకి బదులు నాకు ఇంకో అనుమానం తట్టింది. ఇంత బాగా మాట్లాడే మనిషిని సావుకారు ఊరికే పనిలో పెట్టుకుంటాడా? పైకి చేరేదాకా ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను.

దిగి వచ్చాక ఆ మాటలన్నీ పెద్ద గుమాస్తాకు చెప్పాను. ఆయన ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. "తప్పుడు అంకె సెప్పు వానికి. ఆ అంకె సావుకారు నోట్లో నుంచి వచ్చిందంటే, వాడు సావుకారు మనిషే. అనుమానమే లేదు." అనుమానం లేకుండా చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకూ కనబడలేదు. సాయంత్రం మండీ కట్టేసేటప్పుడు సత్యవేడాయన దగ్గరికి వెళ్లి, ఎవరూ వినకూడదన్నట్టు, "అన్నా, నాకు మూడు నూర్లు" అన్నాను. ఆయన సరిదా అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

గూఢచారి అయితే ఎవరూ లేనప్పుడు వెళ్లి సావుకారు చెవిలో ఊదాలి. మా లెక్క అది. ఆయన మర్నాడు పొద్దున్నే, బండ్లు వచ్చి, రైతులూ అరవ వ్యాపారులూ హమాలీలూ నిండుగా ఉన్నప్పుడు గద్దె ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"సావుకారూ, ఆ పిల్లోనికి మూడు నూర్లు ఇస్తా ఉండారంట. సంతోషం. వాడూ నేనూ సేసేది ఒకటే పని. నాకెందుకు తగ్గినట్టు?"

 బెల్లం మీద ముసిరిన కందిరీగల చప్పుడు వినబడింది. సావుకారు ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగాడు.

"మూడు నూర్లు ఎవురిచ్చినార్రా నీకు?"

నేను పెద్ద గుమాస్తా వైపు చూశాను.

"నేనియ్యని దుడ్డు నీకు యాడ నుంచి వస్తా ఉండాది? తూకంలో కొడతా ఉండావా, రైతుల కాడ గుంజతా ఉండావా?"

బండి మీద కూర్చున్న రైతు ఒకడు కిందికి దిగాడు. ఇంకో ఇద్దరు నన్ను కింది నుంచి పైదాకా చూశారు. ఉపాయం చెప్పిన పెద్ద గుమాస్తా తక్కెడ ముల్లును అంతవరకూ చూడనట్టు చూస్తున్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే నేను దొంగనైపోతాను. దొంగను కానని చెప్పుకోవడానికి దారి ఒకటే మిగిలింది.

"నూట ఎనభై సామీ! నాకు నూట ఎనభయ్యే! మూడు నూర్లని అబద్ధం సెప్పినా!"

నా జీతం నా నోటి నుంచి నలుగురిలో రావడం అదే మొదలు. ఎదురు కొట్లో బేరాలు చేసుకునేవాళ్లు కూడా తిరిగి చూశారు. మునిరత్నం చిట్టా వదిలి లేచాడు.

"నూట ఎనభైనా? పెద్దన్నను పక్కన పెడితే నాకే జాస్తి అన్నారు గదా సామీ! నాకు నూట డెబ్బై!"

"నాకూ ఆ మాటే సెప్పినారు" అన్నాను.

హమాలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సావుకారు తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఉగాదికి మాట్లాడుకుందాం. పనులు సూడండి" అన్నాడు. వ్యవహారం అంతటితో ఆగేదే. కానీ సత్యవేడాయన తక్కెడ వైపు తిరిగి, ఊళ్లో అందరినీ అడిగినట్టే అడిగాడు.

"నీకెంతన్నా?"

అందరూ తిరిగారు. నేనూ తిరిగాను, నాలుగా ఐదా అని. పెద్ద గుమాస్తా తక్కెడ గొలుసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.  అడిగినవాణ్ణి చూడలేదు. హమాలీలను చూశాడు, ఎదురు కిరాణా కొట్టువాణ్ణి చూశాడు. ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. అంకె ఎంతో తెలియలేదు గానీ, అది మా అందరిదానికంటే చిన్నదని నాకు ఆ ముఖంలో కనబడింది.

చిన్నది కాక ఏమవుతుంది? మమ్మల్ని బయటి ధర చూసి పెట్టుకున్నారు. ఆయన మీసాలు రాని వయసులో ఇంటి మనిషిగా చేరాడు. ఇంటి మనిషికి జీతమేమిటని ప్రతి ఉగాదికీ ఐదో పదో కలుపుతూ వచ్చారు. ఆయన ఎప్పుడూ అడిగి ఉండడు. అడగడానికి ఎవరి అంకె తెలుసు ఆయనకు?

సత్యవేడాయన కూడా చూశాడు. నేను చూసింది ఆయన చూడకపోవడం జరగదు.

"వద్దులేన్నా, నువ్వు సెప్పొద్దు" అన్నాడు. వెంటనే వీధి వైపు తిరిగి, "పెద్దాయన లెక్క వేరే అబ్బా! ఆయన్ని మన లెక్కలో కలపగూడదు!" అని గట్టిగా అన్నాడు.

వీధి దాన్ని ఐదు నూర్లని అర్థం చేసుకుంది. కిరాణా కొట్టువాడు తృప్తిగా తలూపాడు. నాకు సత్యవేడాయన మీద మొదటిసారి ఇష్టం పుట్టింది. మరుక్షణమే ఆ ఇష్టాన్ని కూడా అనుమానించాను. ముసలాయన్ని మంచి చేసుకోవడం వెనక ఏముందో!

ఉగాది వచ్చింది. మర్నాడు గద్దె మీద తువ్వాలు సిద్ధంగా ఉంది. ముందుగా పెద్ద గుమాస్తా వెళ్లాడు, అది ఆయన హక్కు. ఎప్పటిలాగే చెయ్యి కింద పెట్టి, ఎప్పటిలాగే ఏమీ మాట్లాడకుండా వచ్చి తక్కెడ దగ్గర నిలబడ్డాడు. తర్వాత నేను. సావుకారు తువ్వాలు ఎత్తి పట్టుకున్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ధైర్యంతో కాదు, గుడ్డ కింద ఏ అంకె పడుతుందోనన్న అనుమానంతో.

"నోటితో సెప్పండి సామీ."

సావుకారు తువ్వాలు కింద పెట్టాడు. "రెండు నూర్ల పది. పో" అన్నాడు. మునిరత్నానికీ అంతే ఇచ్చాడు. ఆ ఆదివారమే నాయుడుపేట వెళ్లి భార్యనూ బిడ్డనూ తెచ్చుకోవాలని గుమ్మంలోనే అనుకున్నాను.

ఆఖరున సత్యవేడాయన వెళ్లాడు. సావుకారు ఒకసారి తక్కెడ వైపు చూసి, బాగా ముందుకు వంగి, చాలాసేపు లోగొంతుకతో ఏదో చెప్పాడు. ఆ తర్వాత జరిగింది నా కళ్లతో చూశాను. సత్యవేడాయన తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

మునిరత్నం నా మోచెయ్యి పట్టుకున్నాడు. "సూడు, పెట్టినాడు! పెట్టినాడు సూడు!"

ఆయన లేచి బయటికి వచ్చాడు. "ఎంతన్నా?" అన్నాను. తనకు తానుగా చెప్పే మనిషిని నేను అడగాల్సి వచ్చింది. ఆయన నన్ను చూశాడు, నా భుజం మీదుగా తక్కెడ వైపు చూశాడు.

"ఏం లేదులే అబ్బా" అన్నాడు, మెల్లగా. ఆయన గొంతు అంత మెల్లగా కూడా పలుకుతుందని అప్పుడే తెలిసింది. మర్నాడు లెక్క తీర్చుకుని, ఎవరికీ కారణం చెప్పకుండా సత్యవేడు బస్సు ఎక్కేశాడు.

ఇక మాకు అన్నీ సరిపోయాయి. "పనైపాయె, పోయినాడు" అన్నాడు మునిరత్నం. ఎంత ముట్టి ఉంటుందో అని నేను లెక్కలు వేశాను. "నేను సెప్పలేదా?" అని పెద్ద గుమాస్తా రోజుకోసారి అనేవాడు. ఆ మనిషి వల్లే కదా నా జీతం పెరిగింది, నా బిడ్డ నా ఇంట్లో ఆడుకుంటోంది అని ఒక్కోసారి తోచేది. గూఢచారులు కూడా పొరపాట్లు చేస్తారని సర్దుకునేవాణ్ణి.

మళ్లీ బెల్లం రావడం మొదలైంది. ఒకరోజు తూకంలో తేడా వచ్చి అరవ వ్యాపారి రగడ పెట్టుకున్నాడు. అతను వెళ్లాక సావుకారు ఆ కోపమంతా అందరి ముందూ పెద్ద గుమాస్తా మీద కుమ్మరించాడు.

"కండ్లు ఆనకపోతే ఇంటికి పోవాల! ఉగాది మర్నాడు వాడు ఊ అనుంటే నువ్వీపొద్దు ఈడ ఉండేవాడివా? నిన్ను పంపిచ్చి నీ సోటు వానికిస్తానని, గుడ్డ కింద మూడు నూర్లు పట్టినా. సెయ్యి లాక్కున్నాడు. పెద్దాయన్ని తీసే పనైతే నాకీ కొలువే వద్దని పోయినాడు!"

పెద్ద గుమాస్తా చేతిలో ఉన్న తూకపు రాయిని మెల్లగా కింద పెట్టాడు.

"నాకెందుకు సెప్పలేదు వాడు?"

"పో, వాన్నే అడుగు!"

సావుకారుకి తెలియకపోవచ్చు గానీ నాకు అర్థమైంది. గద్దె దగ్గర గట్టిగా మాట్లాడితే తక్కెడ దగ్గరికి వినబడుతుంది. ఆ మూడు నూర్లు పైకి చెబితే, అవి ఎవరిని ఇంటికి పంపి ఇచ్చే మూడు నూర్లో కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకని జన్మలో ఒక్కసారి చెయ్యి గుడ్డ కింద పెట్టాడు. నేను పద్దు పుస్తకం మూసేసి పంపు దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నాను. ఏడుపు వచ్చింది, ఎందుకు దాచాలి.

అమావాస్యకు మండీకి సెలవు. ఆ రోజు పెద్ద గుమాస్తా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చి, "సత్యవేడుకు పోదాం రా" అన్నాడు. పుత్తూరులో బస్సు మారాం. రెండో బస్సులో కూర్చున్నాక అడిగాడు.

"అబ్బోడా, నేను వాన్ని దొంగ అని అనింటినా?"

"లేదన్నా. సావుకారు మనిషి అన్నావు."

"అదే" అన్నాడు. మళ్లీ ఊరు వచ్చేదాకా కిటికీలో నుంచి బయటికే చూశాడు.

సత్యవేడాయన ఊరి బయట వేరుశనక్కాయల మిల్లులో పనికి కుదిరాడని చెప్పారు. వెళ్లాం. రేకుల షెడ్డులో మర తిరుగుతోంది, పక్కనున్న మనిషి మాట వినబడటం లేదు. పదిమంది దాకా ఆడా మగా కాయలు పోస్తున్నారు, పప్పు ఎత్తుతున్నారు. ఆయన ఒంటినిండా దుమ్ముతో ఒక బస్తా మూతి కుడుతున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. ఆ ముఖంలో కోపం ఉంటుందేమోనని వెతికాను, కనబడలేదు.

పెద్ద గుమాస్తా బాగున్నావా అనలేదు. క్షమించమనలేదు. దగ్గరికి వెళ్లి ఎదురుగా నిలబడి, మర చప్పుడు మీదుగా గొంతు చించుకుని అరిచాడు.

"నాకు నూట యాభై! పోయిన ఉగాది దాకా నూట యాభై! ఇప్పుడు నూట అరవై!"

సత్యవేడాయన చెయ్యెత్తి మర ఆపమన్నాడు. పట్టా జారి చక్రం నిదానించింది. ఉన్నట్టుండి షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. పని చేసేవాళ్లందరూ మా వైపు తిరిగారు.

"వినపడలేదన్నా. ఇంగొకసారి సెప్పు" అన్నాడు.

పెద్ద గుమాస్తా అందరినీ ఒకసారి చూశాడు. తర్వాత, మర లేకపోయినా అంతే గట్టిగా, మళ్లీ చెప్పాడు.

సత్యవేడాయనకు మొదటిసారే వినబడిందని నా అనుమానం.